వెనకగది నల్లతెర

మా ఊరు కెట్లర్‌లోని ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేసిన రోజు నేను ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. మా బడి కిటికీలోంచి ఆసుపత్రి వెనక గుమ్మం కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు పసిపిల్లల తొట్లను ఒక్కొక్కటే బయటికి తెచ్చి లారీలో పెడుతున్నారు. తొట్టి తేలిక, ఇద్దరు పట్టుకోవలసినంత బరువుండదు. అయినా చెరో పక్కా పట్టుకునే నడిచారు. నా భార్య నడీన్ గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. ఆ వార్డులో ఆమె ఇరవై ఏళ్లకు పైగా నర్సు. నేను బోర్డు వైపు తిరిగి, అప్పటికే రాసిన లెక్కను మళ్లీ రాశాను.

సాయంత్రం ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా వంటగదిలో కూర్చుంది.

"ఆర్లన్ ఏడ్చాడు తెలుసా. మూసేదీ వాడే, ఏడ్చేదీ వాడే. నేనే వాడికి మంచినీళ్లు తెచ్చివ్వాల్సొచ్చింది."

ఆర్లన్ వాస్ ఆ ఆసుపత్రి మేనేజరు, నా దగ్గర ఆరో తరగతి చదివినవాడు. చెడ్డవాడు కాదు. మా నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో పుట్టే పిల్లలు తగ్గిపోయారు, కాన్పుల డాక్టరు మాలాంటి ఊరికి రాడు, పైవాళ్లు మూసెయ్యమన్నారు. ఇక మా ఊరి ఆడవాళ్లు కాన్పుకి గంటన్నర కారులో పోవాలి.

"నీకేం పని ఇస్తానన్నాడు?" అని అడిగాను.

"ముసలాళ్లకి బీపీ చూడమంటున్నాడు. ముసలాడు నాకు ఇంట్లోనే ఉన్నాడుగా."

అలా మొదలైంది. మనుషులు సరిపోని ఆసుపత్రులు దేశం నిండా ఉన్నాయి. అవి పదమూడు వారాల ఒప్పందం మీద పైఊరి నర్సుని తెప్పించుకుంటాయి. గడువు తీరితే ఆ నర్సు ఇంకో ఊరు చూసుకుంటుంది. ట్రావెల్ నర్సు అంటారు.

"ఒక్కసారి వెళ్లొస్తా మాస్టారూ," అంది. ఊరంతా నన్ను మాస్టారనే పిలుస్తుంది. ఆమె మాత్రం ఎగతాళికి పిలిచేది. "నీ పిల్లలకి భిన్నాలు వచ్చేలోపు వచ్చేస్తా."

"భిన్నాలు కొంతమందికి చాలా ఏళ్లు పడతాయి," అన్నాను.

పదకొండేళ్లు పట్టింది. ఈ ఏప్రిల్‌లో, ఇదాహోలో ఒక అద్దె గదిలో, నడీన్ చనిపోయింది. జూన్‌లో ఆమె ఇంటికి వచ్చేయాల్సి ఉంది. ఆమెకోసం మా ఊళ్లోనే ఒక ఉద్యోగం అట్టిపెట్టి ఉంచారు. అలా ఊరూరా తిరిగే పనిని ఒక మనిషి ఎన్నాళ్లు చెయ్యగలదు అని ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. నేను నర్సును కాదు. నాకు తెలిసింది ఆమె ఇంటికి వచ్చినప్పుడల్లా చూసినదే.

డబ్బు కోసమని ఊళ్లో అనుకున్నారు. డబ్బు బాగానే వచ్చేది, కాదనను. కానీ బీపీలు చూసే పనిలో తన చేతులు ఏం చెయ్యాలో తనకి తెలియదని ఆమె అనేది. కాన్పు గది దొరికినచోటికి వెళ్లింది. ఆరెగన్, అయోవా, న్యూమెక్సికో. వెంట మూతలున్న రెండు ప్లాస్టిక్ పెట్టెలు, ఒక ఇనప పెనం, తలదిండు, ఒక నల్లతెర. తిరిగే నర్సులకి ఎక్కువగా రాత్రి డ్యూటీయే పడుతుంది, పగలు పడుకోవాలి. అందుకని దట్టమైన గుడ్డ రెండు పొరలుగా కుట్టుకుని, బట్టల క్లిప్పులతో ఏ కిటికీకైనా బిగించేది. ఎవరి ఇంట్లో అద్దెకు దిగినా ముందు తెర కట్టి, ఆ తర్వాతే మిగతా సామాను లోపలికి తెచ్చేది. మిగతా సామాను కూడా పెట్టెల్లోనే ఉండేది. బట్టలు అల్మరాలో సర్దితే మళ్లీ తీయాలి కదా అనేది.

ఒక ఒప్పందానికీ ఇంకోదానికీ మధ్య వారమో రెండు వారాలో ఇంట్లో ఉండేది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నాకు పొద్దున్నే బడి ఉంటుందని వెనకగదిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఆ గది కిటికీకీ నల్లతెర కట్టింది. రెండో ఏడో మూడో ఏడో, ఆ గది ఆమె గది అయిపోయింది. పెట్టెలు అక్కడే, మూతలతో. నేను పొద్దున చప్పుడు చెయ్యకుండా కాఫీ కాచుకుని వెళ్లిపోయేవాణ్ణి. రాత్రి పనిచేసి వచ్చిన మనిషిని లేపకూడదన్నది మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద నియమం.

ఫోనులో రోజూ మాట్లాడుకునేవాళ్లం. ఒకటి మాత్రం నాకు ఎప్పుడూ గుర్తుండేది కాదు.

"ఇవాళ వార్డు తీరిగ్గా ఉందా?" అని అడిగేవాణ్ణి.

"ఆ మాట అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు. అన్న వెంటనే ముగ్గురు నొప్పులతో వస్తారు."

"ఇక్కణ్ణుంచి అంటే కూడానా?"

"నీ నోరు అంత దూరం పనిచేస్తుంది."

ఆ తర్వాత బడి సంగతులు అడిగేది. మాకు పిల్లలు లేరు. కానీ నా తరగతిలో కూర్చున్న ప్రతి పిల్లా పిల్లాడూ పుట్టినప్పుడు మొదట పట్టుకున్నది ఆమే. ఎవడు అడ్డం తిరిగాడో, ఎవరు ఏడవకుండా అందరినీ భయపెట్టారో ఆమెకి గుర్తు. "స్టట్జ్‌మన్ వాళ్ల పిల్లాడు ఇప్పుడైనా నోరు తెరుస్తున్నాడా?" అనేది. "మూయించలేక ఛస్తున్నాను," అనేవాణ్ణి. ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసం నేను తరగతిలో చిన్న చిన్న సంగతులు గుర్తుపెట్టుకునేవాణ్ణి.

స్పూన్ల విషయం మొదట నవ్వులాటగానే ఉండేది. ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లో స్పూను కోసం పొయ్యి పక్క సొరుగు లాగేది. మా స్పూన్లు సింకు పక్క సొరుగులో ఉంటాయి, పెళ్లైనప్పటి నుంచీ.

"ఏ ఊరు ఇది?" అనేవాణ్ణి.

"ఆగు. సింకు ముందు కిటికీ, దాని పక్కన పనికిమాలిన మొగుడు. కెట్లరే."

తర్వాత తర్వాత ఆమె జవాబు చెప్పడం మానేసింది. నేను అడగడం మానేశాను. సొరుగులు ఒకదాని తర్వాత ఒకటి లాగి చూసుకునేది.

పోయిన అక్టోబరులో ఆరెగన్ నుంచి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. నేను పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. వచ్చి ఎదురుగా కూర్చుంది. కాసేపు చేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకుంది.

"ఒకమ్మాయికి రక్తం ఆగలేదు," అంది. "బిడ్డ పుట్టాక. బండి తెమ్మని డాక్టరు కేకేసింది. రక్తం పోతుంటే కావలసినవన్నీ ఒక చక్రాల బండిలో ఉంచుతారు, ప్రతి వార్డులోనూ. తలుపు దగ్గర ఉన్నది నేనే. పరుగెత్తాను. ఎడమవైపు."

నేను పెన్ను కింద పెట్టాను.

"ఆ చివర తలుపు తీస్తే దుప్పట్లు. తెల్లగా మడతలు పెట్టి. ఎడమ చివర బండి ఉండేది అంతకు ముందు చేసిన అయోవాలో. ఆరెగన్‌లో కుడివైపు, మేం కూర్చునే బల్ల పక్కనే. రోజూ నా మోచెయ్యి తగులుతూనే ఉంటుంది దానికి."

"ఎంతసేపు పోయింది?"

"అది అడక్కు."

"ఆ అమ్మాయి?"

"బతికింది. బిడ్డా బాగుంది. గర్భసంచి తీసేశారు. చిన్నపిల్ల, తొలికాన్పు." గోడవైపు చూసింది. "నావల్ల ఏ తేడా రాలేదని డాక్టరు చెప్పింది. చాలా మెత్తగా చెప్పింది. అంత మెత్తగా చెప్తే నమ్మబుద్ధి కాదు."

నేను కాగితాలు పక్కకి జరిపాను.

"అలాంటిది జరిగితే వార్డువాళ్లంతా ఒకచోట కూర్చుంటారు," అంది మళ్లీ. "ఎవరేం చేశారో చెప్పుకుంటారు. ఏడిస్తే ఏడుస్తారు. మర్నాడు కూర్చున్నారు. నన్ను ఆ పూట పక్క వార్డుకి పంపారు. ఎక్కడ మనుషులు తక్కువైనా ముందు తోలేది తిరిగేవాళ్లనే కదా. కావాలని చేసింది కాదు, అసలు నేను గుర్తే రాలేదు. గాజు తలుపులోంచి చూశాను. ఎవరో కేకు తెచ్చారు. తిట్టడానికైనా పిలిచి ఉంటే బాగుండేది, వెండెల్."

ఆమె నన్ను పేరుతో పిలవడం తక్కువ.

"ఇక్కడ మెక్‌కేబ్ వాళ్ల బిడ్డ కాన్పులో పోయింది, గుర్తుందా? ఆ తల్లి నాకు కిరాణా కొట్లో ఎదురైన ప్రతిసారీ మొహం తిప్పుకునేది. తర్వాత తలూపేది. ఆ తర్వాత ఒకరోజు గుమ్మడికాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లింది. అలా తీరింది నాకూ ఆమెకీ. ఈ పిల్ల నాకు ఏ కొట్లో ఎదురవుతుంది?"

ఆ వారమే నేను ఆర్లన్ దగ్గరికి వెళ్లాను. ఆసుపత్రికి ఆనుకుని చిన్న క్లినిక్ ఉంది. గర్భిణులకి నెలనెలా చూడటం, పిల్లలకి టీకాలు. అక్కడి నర్సు జూన్‌లో మానేస్తోంది. నేను అడగడం పూర్తికాకముందే ఆర్లన్ సరేనన్నాడు. నడీన్ కూడా సరేనంది. కానీ చలికాలానికి ఇదాహోలో ఒక ఒప్పందానికి అప్పటికే సంతకం చేసి ఉంది. మాట తప్పనంది. అది మార్చి చివరికి అయిపోతుంది, అదే ఆఖరు అంది.

మార్చిలో బడికి వసంతకాలం సెలవులు ఇచ్చినప్పుడు నేను కారేసుకుని వెళ్లాను. పట్నం చివర పాత ఇల్లు. అందులో ఒక గది నడీన్‌ది, ఇంకో గదిలో అదే వార్డులో పనిచేసే మరిసోల్ అనే అమ్మాయి. ఎల్ పాసో ఊరి పిల్ల, ముప్ఫై నిండలేదు, ఆమె కూడా తిరిగే నర్సే. వార్డులో అందరూ నడీన్‌ని పెద్దమ్మ అంటారని ఆమె చెప్పింది. ఇద్దరూ పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చి స్నానాలు చేశారు. వాళ్లకి అది రాత్రి భోజనం వేళ. నడీన్ నాకోసమని చిల్లీ అనే కారం మాంసం కూర వండింది, దాల్చినచెక్క పొడి చల్లిన తీపిరొట్టెలు కాల్చింది.

మరిసోల్ గిన్నెలోకీ పళ్లెంలోకీ చూసింది. "సార్, మీ ఊళ్లో నిజంగా ఈ కారం కూరలో ఈ తీపిరొట్టె నంచుకుంటారా? లేకపోతే పెద్దమ్మ నన్ను ఆటపట్టిస్తోందా?"

"మా బళ్లో పిల్లలకి పెట్టేది అదేనమ్మా."

"పసిపిల్లల మీద అంత కక్ష ఏంటి సార్."

"ముంచుకు తిను," అంది నడీన్. "నోట్లో ఏదైనా ఉంటే మాటలు తగ్గుతాయి."

మరిసోల్ ముంచుకు తింది. ఇంకోటి తీసుకుంది. మేమిద్దరం గమనించనట్టు ఊరుకున్నాం. కాసేపటికి ఆమె అడిగింది.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఈ తిరిగే పని రిటైరయ్యేదాకా చెయ్యొచ్చా?"

"ఎందుకు చెయ్యకూడదు. నడుముకి పట్టీ కొనుక్కో. బూట్ల దగ్గర పిసినారితనం చెయ్యకు. పళ్లు జాగ్రత్త, ఊరూరా పళ్ల డాక్టర్ని వెతుక్కోలేవు."

"నేను అడిగింది పళ్ల గురించి కాదు."

"తెలుసు." నడీన్ పెనం అడుగు గీకుతూ ఉండిపోయింది. "బిడ్డ పుట్టేదాకా నేనుంటాను. ఆ తర్వాత నడిచిందా, మాట్లాడిందా, నాకు తెలీదు. పదకొండేళ్ల పని. అందులో ఒక్క బిడ్డ మొహం కూడా నేను రెండోసారి చూడలేదు. మా ఊళ్లో పుట్టినవాళ్లు ఈయన ముందు కూర్చుని ముక్కులు తుడుచుకుంటున్నారు, వాళ్ల కబుర్లయినా వింటాను. నువ్వు చెయ్యగలవే. ఒక్కటే చూసుకో. ఏదైనా బాగా జరిగినప్పుడో పాడైనప్పుడో, ఆ గదిలో నీతోపాటు ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు వచ్చే ఏడాది కూడా నీకు ఫోన్ చేసేలా ఉండాలి. అలా ఎవరూ లేకపోయినా నీకు ఏమీ అనిపించడం లేదంటే, అప్పుడు మానెయ్."

"నేను చేస్తాలే నీకు."

"నువ్వు ఊరికే ఫోను మోగిస్తుంటావు, నాకు నిద్ర పాడు."

మరిసోల్ పడుకోవడానికి వెళ్లాక నడీన్ నా పక్కన కూర్చుంది.

"ఒకటి చెప్పాలి. నర్సుల గదిలో కోట్లు తగిలించుకునే కొక్కేలుంటాయి. పర్మనెంటు వాళ్లకి పేర్లు రాసి ఉంటాయి. మేం కుర్చీల మీద పడేసుకుంటాం. పోయినవారం వెళ్లేసరికి ఒక కొక్కెం కింద నా పేరు. టేపు ముక్క మీద రాసి అంటించారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేదు."

నేను ఆమె గిన్నె తీసి సింకులో పెట్టాను.

"మే మధ్యదాకా ఉండమంటున్నారు. ఇద్దరు కాన్పు సెలవులో ఉన్నారట. కాన్పుల వార్డులో నర్సులకే కాన్పులు." ఆమె నవ్వింది, నేను నవ్వలేదు. "ఆర్లన్‌ని అడిగాను. జూన్‌కి వస్తే చాలన్నాడు."

"నన్ను అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"చెబుతున్నా."

ఆమెకి అరవై ఒకటి. డ్యూటీ నుంచి వచ్చాక మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగడం చూశాను. పదకొండేళ్ల తర్వాత ఆమె పేరు ఒక గోడ మీద రాశారు. నేను ఏమని వద్దనాలి.

తిరుగు ప్రయాణం రోజు ఆమె రెండు పెట్టెల్లో ఒకటి నా కారులో పెట్టింది.

"ఇది తీసుకుపో. సగం వచ్చేసినట్టే."

"మూత తీసి సర్దనా?"

"వద్దు. నేనే సర్దుతా. నీ చేతికిస్తే లోపలి బట్టలు వంటగదిలో పెడతావు."

ఏప్రిల్‌లో, ఈస్టర్ వెళ్లిన వారం. బడి అయ్యాక ఫోన్ చేశాను. తియ్యలేదు. పడుకుని ఉంటుందనుకున్నాను. సాయంత్రం మరిసోల్ ఫోన్ చేసింది. పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయింది.

ఆ రోజు మరిసోల్‌కి సెలవు. నడీన్ పొద్దున డ్యూటీ నుంచి వచ్చి, కాస్త వికారంగా ఉంది, తిండి వద్దు అని తెర బిగించుకుని పడుకుంది. రాత్రి పనిచేసి పడుకున్న నర్సుని ఇంకో నర్సు లేపదు. ఆ మర్యాద వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. మరిసోల్ రోజంతా చెప్పుల్లేకుండా నడిచింది. బట్టలు ఉతికే మెషీను వెయ్యలేదు. పార్శిలు తెచ్చినవాడు గంట కొట్టబోతే కిటికీలోంచి చెయ్యూపి వద్దంది. గదిలో నడీన్ ఫోను మోగితే, అది నాదే, ఎత్తకుండా పడుకుందిలే అని సంతోషపడింది. పొద్దు వాలాక, డ్యూటీకి తయారవ్వాలి కదా అని తలుపు తట్టింది.

గుండె అన్నారు. పొద్దున్నే కావచ్చు, మధ్యాహ్నం కావచ్చు అన్నారు. ఎవరైనా లేపి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు.

కెట్లర్‌లో అంత్యక్రియలు చేశాం. చర్చి కింది గదిలో అందరూ హామ్ సాండ్‌విచ్‌లు, బంగాళాదుంపల సలాడ్ తెచ్చారు. ఊళ్లో సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే, లేకపోతే వాళ్లని కన్నవాళ్లు. మెక్‌కేబ్ తల్లి చివరిదాకా ఉండి బల్లలు తుడిచింది. ఆ పదకొండేళ్ల ఆసుపత్రుల నుంచి ఎవరూ రాలేదు. అది వాళ్ల తప్పు కాదు. ఇదాహో వాళ్లకి వార్డులో మనుషులే చాలరు, మిగతావాళ్లకి తెలియదు. ఎవరికి చెప్పాలో నాకూ తెలియదు. మరిసోల్ ఒక్కతే వచ్చింది, రెండు రోజులు కారు నడుపుకుంటూ. నడీన్ రెండో పెట్టె, పెనం, తెర తెచ్చింది.

అందరూ వెళ్లాక మా వంటగదిలో కూర్చుంది. కాఫీ ముట్టుకోలేదు.

"ఆ రోజు నేను చాలా మంచిగా ఉన్నాను సార్," అంది. "పిల్లిలా నడిచాను. ఎవరి ఇంట్లోనూ అంత మంచిగా ఎప్పుడూ లేను."

"నేను అక్కడుంటే నేనూ లేపనిచ్చేవాణ్ణి కాదమ్మా."

"మీరు లేరు కదా. నేనున్నాను."

ఆమె తలుపు తట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇక ఎక్కడికి వెళ్తున్నావని అడిగాను. ఆరిజోనా అంది. సోమవారం నుంచి కొత్త ఆసుపత్రి.

"మానెయ్యాలనిపించలేదా?"

"అనిపించింది. మానేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు." కప్పు పక్కకి జరిపింది. "పెద్దమ్మ ఫోన్ చేసేవాళ్లు ఉండాలంది. మీకు చెయ్యొచ్చా?"

చెయ్యమన్నాను. వెళ్లేటప్పుడు పెనం ఆమెకే ఇచ్చాను. వద్దు వద్దంటూనే తీసుకుంది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. వార్డు ఎలా ఉందని నేను అడగను.

ఆమె తెచ్చిన తెరని మళ్లీ వెనకగది కిటికీకి కట్టాను. ఎందుకు కట్టానో చెప్పలేను. వేసవి అంతా ఆ గదిలో పగలు లేదు. రెండు పెట్టెలూ మంచం పక్కన ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. తానే సర్దుతానంది కాబట్టి మూత తియ్యలేదు.

ఆగస్టులో బడి తెరిచారు. ఈసారి ఆరో తరగతిలో ఓపల్ హెన్‌డ్రిక్స్ ఉంది. మా ఆసుపత్రిలో పుట్టిన ఆఖరి బిడ్డ ఆమె. తొట్లు లారీ ఎక్కడానికి వారం ముందు పుట్టింది. ఓపల్ ఎప్పుడు నా తరగతికి వస్తుందా అని నడీన్ రెండేళ్లుగా ఎదురుచూసింది. ఎడమచేతి వాటం. మాట్లాడేటప్పుడు పెన్సిలు నములుతుంది. కిటికీ పక్కన కూర్చుంటానని తానే అడిగింది. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, ఈ సంగతులన్నీ చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాను. వచ్చే ఏడాది నుంచి నా తరగతికి వచ్చే పిల్లలు వేరే ఊళ్లలో పుట్టినవాళ్లు. వాళ్లని మొదట ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు.

మొన్న గురువారం ఆర్లన్ వచ్చాడు. నేను వరండాలో ఉన్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు.

"మాస్టారూ, ఒకమాట అడగాలి. అడక్కూడదేమో."

"ఆరో తరగతిలో కూడా అలాగే మొదలుపెట్టేవాడివి. కూర్చో."

కూర్చున్నాడు. టోపీని మోకాలి మీద తిప్పుతూ చెప్పాడు. "నడీన్ గారి కోసం ఉంచిన ఉద్యోగం ఉంది కదా, క్లినిక్‌లో. ఎన్ని చోట్ల చెప్పినా ఎవరూ రాలేదు. నర్సు లేకపోతే అది కూడా మూసెయ్యమంటున్నారు. నేను ఒకటి మూశాను, చాలు. అందుకని పదమూడు వారాలకి ఒకామెని తెప్పిస్తున్నాం."

"తిరిగే నర్సుని."

"అవును మాస్టారూ." అతను నా వైపు చూడలేదు. "ఆలబామా నుంచి వస్తోంది. మోటెల్‌లో గదుల్లేవు, గాలిమరలు బిగించేవాళ్లు నెలల తరబడి తీసేసుకున్నారు. ఊళ్లో ఖాళీ గది ఎవరింట్లో ఉందా అని ఆలోచిస్తే..."

ఆపేశాడు.

"పగటి డ్యూటీయే," అన్నాడు, అది ఏదో సాయపడుతుందన్నట్టు. "మీకు ఇబ్బంది ఉండదు. ఇష్టం లేకపోతే లేదనండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ అప్పటికీ వద్దంది, ఆయన్ని అడిగే మొహం నీకుందా అంది."

"పేరేమిటి?"

"ఎవరిదీ?"

"వచ్చేవాళ్లది."

ఆర్లన్ నోరు తెరిచి ఆగాడు. ఫోను తీసి చూడబోయాడు. "చెప్పారు మాస్టారూ. మర్చిపోయాను."

"కనుక్కో," అన్నాను.

మర్నాడు తరగతిలో ఉండగా కబురు పంపాడు. కొరిన్నా టేట్. వయసు యాభై దాటిందట. తొమ్మిదేళ్లుగా తిరుగుతోందట. ఇంతకన్నా అతనికీ తెలియదు.

ఆ సాయంత్రం వెనకగది తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. తెర సందుల్లోంచి సన్నటి వెలుగు పడుతోంది, పెట్టెల మీద. గది ఇవ్వాలంటే తెర దించాలి. పగలు పనిచేసే మనిషికి పొద్దున వెలుతురు కావాలి. పెట్టెలు తెరవాలి, లేదా పక్కకి జరపాలి. వంటగదిలో ఏ సొరుగులో ఏముందో ఆమెకి ఎవరో ఒకరు చెప్పాలి.

కొరిన్నా సోమవారం వస్తుంది. ఇవాళ శనివారం. తెర కిటికీకి అలాగే ఉంది. ఆర్లన్‌కి నేను ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.